కళ్లు అక్షరం మీద, ధ్యాస ఎక్కడ?

ముందుగా ఈ రెండు ముక్కలు పైకి చదవండి.

కట్టిన అప్పు
కట్టని అప్పు

ఇంకొకసారి చదవండి. రెండూ ఒకటేనా? కాదు. మొదటిది తీరిపోయిన అప్పు. రెండోది ఇంకా నెత్తి మీద ఉన్న అప్పు. రెండు మాటల్లోనూ అక్షరాలు అవే. క, ట్ట, న. తేడా అంతా ఒక్క గుడిలోనే ఉంది. మొదటి మాటలో గుడి 'ట్ట' మీద ఉంది. రెండో మాటలో గుడి పక్కకు జరిగి 'న' మీద కూర్చుంది. అంతే. గుడి జరిగితే తీరిన అప్పు తీరని అప్పు అయింది.

అక్షరాలు రానివాళ్లు ఈ మాట చదవలేరు. అది మనకు తెలిసిందే. కానీ అక్షరాలు బాగా వచ్చినవాళ్లు కూడా ఒక్కోసారి 'కట్టని' అన్న చోట 'కట్టిన' అని చదివేస్తారు. కళ్లు బాగానే ఉంటాయి. చదువూ వచ్చు. మరి తప్పు ఎందుకు వస్తుంది?

ధ్యాస వల్ల వస్తుంది. మనం చదివేటప్పుడు కళ్లు, నోరు, మనసు మూడూ పని చేస్తాయి. మనసు పెట్టడాన్నే ధ్యాస అంటాం. ధ్యాస ఎక్కడుంటే చదువు అలా సాగుతుంది. ఆ సంగతి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక్కటే లాంతరు

ఒక ఇల్లు అనుకోండి. కరెంటు పోయింది. ఇంట్లో ఒక్కటే లాంతరు ఉంది. లాంతరు వంటింట్లో పెడితే పొయ్యి కనిపిస్తుంది. ముందు గది చీకటి. లాంతరు ముందు గదికి తెస్తే వంటిల్లు చీకటి. రెండు చోట్లా ఒకేసారి వెలుగు కావాలంటే కుదరదు.

మన ధ్యాస కూడా ఆ లాంతరు లాంటిదే. ఉన్నది ఒక్కటే. దాన్ని ఎక్కడ పెడితే అక్కడ వెలుగు.

నాటు వేయడం మొదటిసారి నేర్చుకున్న రోజు గుర్తుందా? నారు ఎన్ని పిలకలు తీయాలి, ఎంత లోతు గుచ్చాలి, ఎంత ఎడం ఉండాలి? ధ్యాసంతా వేళ్ల మీదే. పక్కన ఎవరైనా మాట్లాడితే జవాబు చెప్పలేం. నాలుగు కార్తెలు గడిచాక ఏమైంది? చేతులు వాటంతట అవే పోతాయి. నోటితో పాట పాడతాం, కబుర్లు చెప్పుకుంటాం. పని మాత్రం ఆగదు.

అంటే ఏమిటి? అలవాటైన పనికి లాంతరు అక్కర్లేదు. తెలిసిన దారిలో చీకట్లో కూడా నడిచిపోతాం. లాంతరు వేరే పనికి మిగులుతుంది.

చదువు కూడా అంతే.

కొత్తలో ఎందుకు అర్థం కాదు?

చదువు కొత్తగా వచ్చినప్పుడు మనం ఎలా చదువుతాం? వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాం.

వి... త్త... నా... లు... మొ... ల... కె... త్తా... యి.

చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివామో జారిపోతుంది. "ఏం చదివావమ్మా?" అని అడిగితే తెల్లముఖం వేస్తాం. అప్పుడు చాలామంది ఏమనుకుంటారు? "నా బుర్ర మొద్దు. ఈ వయసులో నాకు చదువు ఎక్కదు" అనుకుంటారు.

అది నిజం కాదు. బుర్రలో ఏ లోటూ లేదు. లాంతరు అంతా అక్షరాల దగ్గరే ఉంది. ఇది 'త'కు వత్తా, ఇది కొమ్మా, ఇది దీర్ఘమా అని వెతకడానికే ధ్యాస అంతా అయిపోయింది. అర్థం దగ్గర చీకటి. అంతే.

దీనికి మందు ఒక్కటే. అదే వాక్యాన్ని మళ్లీ చదవాలి. రెండోసారి చదివినప్పుడు అక్షరాలు కొంచెం తెలిసినవి అవుతాయి. కొంచెం లాంతరు మిగులుతుంది. మూడోసారి ఇంకొంచెం. అప్పుడు అర్థం దగ్గర వెలుగు పడుతుంది. "విత్తనాలు మొలకెత్తాయి. అరె, ఇదా!" అనిపిస్తుంది.

కాబట్టి మళ్లీ మళ్లీ చదవడం సిగ్గుపడాల్సిన పని కాదు. చదువు ముదిరేది అలాగే.

అక్షరాల నుంచి మాటకు

ఇంకో సంగతి. మీ ఊరి పేరు బస్సు బోర్డు మీద చూశారు. దాన్ని ఇప్పుడు కూడబలుక్కుంటున్నారా? లేదు. చూడగానే పేరు నోటికి వస్తుంది. మీ పేరు కూడా అంతే. ఎక్కడ కనిపించినా ఠక్కున పట్టేస్తారు. మాట మొత్తం ఒకేసారి కంటికి అందుతుంది.

ఈ విషయాన్ని చాలా కాలం కిందటే పరీక్ష చేసి చూశారు. జేమ్స్ కాటెల్ అనే అమెరికా ఆయన జర్మనీ దేశంలో చదువుకున్నాడు. మనుషులు అక్షరాలను, మాటలను ఎంత వేగంగా పైకి చదువుతారో కొలిచాడు. తన లెక్కలను 1886లో ప్రకటించాడు. ఆయన రెండు విషయాలు చెప్పాడు.

ఒకటి. పొంతన లేని అక్షరాలు చదవడానికి పట్టే కాలంలో సుమారు సగం కాలం చాలు, అవే అక్షరాలు మాటగా ఉంటే.

రెండు. పొంతన లేని మాటలు చదవడానికి పట్టే కాలంలో సుమారు సగం చాలు, అవే మాటలు వాక్యంగా ఉంటే.

మనమూ చూద్దాం. ముందు ఇది చదవండి.

బిందె, కోడి, నిన్న, గట్టు, తీపి, మామ.

ఇప్పుడు ఇది చదవండి.

మా అత్త పొద్దున్నే బావి నుంచి నీళ్లు తెచ్చింది.

రెండోది తేలికగా సాగింది కదా? ఎందుకంటే అర్థం మనకు సాయం చేస్తుంది. 'బావి నుంచి' అనగానే 'నీళ్లు' వస్తుందని మనసు ముందే ఊహిస్తుంది. ఊహించిన మాటే కంటికి కనిపిస్తుంది. నోరు ఆగకుండా పోతుంది.

కాటెల్ ఇంకో మాట కూడా చెప్పాడు. మాట చదవడం ఎన్నోసార్లు చేసిన పని. అందుకే అది దానంతట అదే జరిగిపోతుంది. రంగు చూసి పేరు చెప్పడం అలా కాదు. దానికి మనం పూనుకోవాలి. ఈ సంగతి తేల్చే ఆట ఒకటి ఉంది. ఆడి చూద్దాం.

రంగుల ఆట

ఒక తెల్ల కాగితం తీసుకోండి. పిల్లల దగ్గర రంగు పెన్సిళ్లు ఉంటే తెచ్చుకోండి. కాగితం మీద ఇలా రాయండి.

ఎరుపు అన్న మాటను నీలం రంగుతో రాయండి.
పచ్చ అన్న మాటను ఎరుపు రంగుతో రాయండి.
నీలం అన్న మాటను ఆకుపచ్చ రంగుతో రాయండి.
నలుపు అన్న మాటను పసుపు రంగుతో రాయండి.

ఇప్పుడు మాటలు చదవకూడదు. అక్షరాలు ఏ రంగులో ఉన్నాయో ఆ రంగు పేరు మాత్రం గబగబా పైకి చెప్పాలి. చెప్పి చూడండి.

నోరు తడబడింది కదా? నీలం అని చెప్పాల్సిన చోట ఎరుపు అని వచ్చేసింది కదా? నవ్వు వచ్చిందా?

ఈ పరీక్షను అమెరికాలో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే ఆయన చేసి 1935లో ప్రకటించాడు. కాలేజీ చదువు చదివేవాళ్లను కూర్చోబెట్టాడు. ముందు 100 రంగు గళ్లు చూపించి రంగుల పేర్లు చెప్పమన్నాడు. సుమారు 63 సెకన్లు పట్టింది. తర్వాత పైన మనం రాసినట్టు, ఒక రంగు పేరును వేరే రంగు సిరాతో అచ్చువేసిన 100 మాటలు చూపించాడు. మాట చదవొద్దు, సిరా రంగు చెప్పండి అన్నాడు. సుమారు 110 సెకన్లు పట్టింది. దాదాపు 47 సెకన్లు ఎక్కువ! అంత చదువుకున్నవాళ్లు కూడా తడబడ్డారు.

ఎందుకు తడబడ్డారు? వాళ్లు చదవకూడదు అనుకున్నారు. కానీ కళ్లు మాట మీద పడగానే చదువు జరిగిపోయింది. దాన్ని ఆపడం వాళ్ల చేతిలో లేదు.

ఇప్పుడు అసలు తమాషా చూడండి. ఇంకా అక్షరాలు రాని ఒక చిన్నపిల్లను పిలవండి. రంగుల పేర్లు తెలిసిన పిల్ల అయితే చాలు. అదే కాగితం చూపించండి. ఆ పిల్ల తడబడదు. నీలం, ఎరుపు, పచ్చ, పసుపు అని చకచకా చెప్పేస్తుంది. ఎందుకంటే ఆ పిల్లకు అవి గీతలే. మాటలు కావు.

అంటే ఈ ఆటలో తడబడడం ఓటమి కాదు. అక్షరం మీకు వచ్చేసిందనడానికి అది గుర్తు. చదువు రాకముందు మీరు కూడా తడబడేవాళ్లు కాదు. ఇప్పుడు తడబడుతున్నారంటే అక్షరం మీ సొంతం అయింది. ఇక దాన్ని ఎవరూ తీసుకుపోలేరు.

కన్ను ముందు, గొంతు వెనక

చదివేటప్పుడు కళ్లు గీత గీసినట్టు సాఫీగా పోవు. కప్పలాగా గెంతుతాయి. ఒక చోట ఆగుతాయి. మళ్లీ గెంతుతాయి. బాగా చదివేవాళ్ల కళ్లు ఒక్కో చోట సెకనులో సుమారు నాలుగో వంతు ఆగుతాయి. ఆగినప్పుడే అక్షరాలు కనిపిస్తాయి. గెంతేటప్పుడు సరిగా ఏమీ కనిపించదు.

మీ పక్కన చదివే అక్క కళ్లను జాగ్రత్తగా గమనించండి. ఆ గెంతులు మీకే కనిపిస్తాయి.

ఇంకో పరీక్ష చేయండి. ఒక అక్క పుస్తకం పైకి చదువుతూ ఉండాలి. మధ్యలో మీరు చటుక్కున పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టండి. ఆమె అక్కడే ఆగిపోతుందా? ఆగదు. ఇంకా ఒకటి రెండు మాటలు చెప్పి అప్పుడు ఆగుతుంది. కనిపించని మాటలు ఎలా చెప్పింది? కళ్లు అప్పటికే ముందుకు పోయాయి. గొంతు వెనక వస్తోంది.

అమెరికాలో గై బస్వెల్ అనే ఆయన దీని మీద 1920లో ఒక పుస్తకం ప్రకటించాడు. బాగా చదివేవాళ్ల కళ్లు గొంతుకంటే ఎక్కువ దూరం ముందు ఉంటాయి. చదువు ఇంకా రాటుదేలని వాళ్ల కళ్లు గొంతు పక్కనే ఉంటాయి.

కళ్లు ముందుంటే లాభం ఏమిటి? ఎక్కడ ఆగాలో ముందే తెలుస్తుంది. ఇది ప్రశ్న అయితే ప్రశ్నలాగా పలుకుతాం. కోపం మాట అయితే కోపంగా పలుకుతాం. వినేవాళ్లకు అర్థమవుతుంది. కళ్లు గొంతు పక్కనే ఉంటే అన్ని మాటలూ ఒకే తీరున వస్తాయి. మన తెలుగులో మాటలు పొడుగు. 'చెల్లించవలసియున్నది' లాంటి మాట రాగానే గొంతు ఆగిపోతుంది. అప్పుడు కంగారు పడొద్దు. మాటను ముక్కలు చేయండి. చెల్లించ, వలసి, యున్నది. ముక్కలు చదివాక కలిపి మొత్తం ఒకసారి చదవండి.

తెలిసిన దారిలో కొత్త గొయ్యి

అలవాటు మంచిదే. లాంతరు మిగులుస్తుంది. కానీ అలవాటులో ఒక ప్రమాదం కూడా ఉంది. ఈ నాలుగు వాక్యాలు గబగబా పైకి చదవండి.

మా ఊరి చెరువు నిండింది. చెరువులో చేపులు పెరిగాయి. జాలర్లు వల వేశారు. చేపలు బుట్టల్లో నింపారు.

ఏమైనా తప్పు కనిపించిందా? మళ్లీ చూడండి. రెండో వాక్యంలో 'చేపులు' అని ఉంది. 'చేపలు' అని ఉండాలి. చాలామంది దాన్ని 'చేపలు' అనే చదివేస్తారు. చెరువు అనగానే మనసు చేపల కోసం చూస్తుంది. కళ్లకు కనిపించింది ఒకటి, నోరు పలికింది ఇంకొకటి.

తెలిసిన దారిలో లాంతరు లేకుండా నడుస్తాం కదా. నిన్న సాయంత్రం ఎవరో ఆ దారిలో గొయ్యి తవ్వారు అనుకోండి. దారి కొత్తవాడు లాంతరు పట్టుకుని వస్తాడు కాబట్టి గొయ్యి చూస్తాడు. రోజూ నడిచే మనం ధైర్యంగా వచ్చి అందులో పడతాం.

చేపల దగ్గర తప్పు చదివితే నష్టం లేదు. మరి ఇది చూడండి. పొదుపు సంఘం సమావేశం జరుగుతోంది అనుకోండి. పదిమంది అక్కలు కూర్చున్నారు. ఒక అక్కకు అప్పు ఇచ్చిన వ్యాపారి కాగితం పంపాడు. చదువు వచ్చిన చెల్లెలు ఒకామె లేచి చదువుతోంది. ఆ అక్క మొత్తం బాకీ తీర్చిందని ఊరంతటికీ తెలుసు. చదివే చెల్లెలికీ తెలుసు. కాగితంలో 'చెల్లించని సొమ్ము 5,000 రూపాయలు' అని ఉంది. చెల్లెలు 'చెల్లించిన సొమ్ము 5,000 రూపాయలు' అని చదివేసింది. అందరూ తల ఊపారు. అక్క సంతకం పెట్టేసింది.

చెల్లెలికి చదువు రాదా? వచ్చు. అబద్ధం చెప్పిందా? లేదు. మనసు ఏది అనుకుందో నోరు అది పలికింది. కానీ సంతకం పెట్టింది కాగితం మీద ఉన్న మాటకే. నోటి మాటకు కాదు. రేపు ఆ కాగితం ఎవరు చూసినా 5,000 బాకీ ఉన్నట్టే లెక్క.

పాత పత్రాల్లో 'చదివి వినిపించగా ఒప్పుకొని వేలిముద్ర వేసితిని' అని రాసేవాళ్లు. చదివేది ఎవరో, వేలిముద్ర వేసేది మనం. వాళ్లు ఏం చదివారో, కాగితంలో ఏం ఉందో మనకు తెలిసేది కాదు. ఇప్పుడు చదివేది మనమే. కాబట్టి చదివే బాధ్యత కూడా మనదే.

ఏ తప్పు చిన్నది? ఏ తప్పు పెద్దది?

లాంతరు ఒక్కటే అన్నాం. మరి దాన్ని ఎక్కడ పెట్టాలి? అన్ని తప్పులూ ఒకటి కావు.

'ఫలం' అన్నదాన్ని 'పలం' అని పలికారు. 'నీళ్లు' అన్నదాన్ని 'నీల్లు' అన్నారు. 'ఉన్నది' అని ఉంటే 'ఉంది' అని చదివారు. అర్థం మారిందా? మారలేదు. ఒక్కో ఊళ్లో ఒక్కో యాస. ఎవరి యాస వాళ్ల అమ్మ నేర్పిన భాష. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. వాటి కోసం చదువు ఆపొద్దు.

పెద్ద తప్పులు వేరే ఉన్నాయి. అవి ఇవీ.

ఒకటి, గుడి స్థలం. చెల్లించిన, చెల్లించని. కలిపిన, కలపని. కాచిన, కాచని. 'కాచని నీళ్లు తాగవద్దు' అన్నదాన్ని 'కాచిన నీళ్లు తాగవద్దు' అని చదివితే ఏమవుతుంది? మీరే ఆలోచించండి.

రెండు, వాక్యం చివరి మాట. తెలుగులో అసలు సంగతి చివర వస్తుంది. ఉందా, లేదా? వచ్చా, రాదా? అంతా చివరనే. 'ఈ మాత్రను గర్భిణులు వాడరాదు' అని ఉంటుంది. 'వాడ' వరకు చదివి అలిసిపోయి 'వాడవచ్చు' అని ఊహిస్తే ప్రాణం మీదికి వస్తుంది. పొడుగు వాక్యం చదివేటప్పుడు మన ధ్యాస చివరికి వచ్చేసరికి సన్నగిలుతుంది. తెలుగులో ఆ చివరే ముఖ్యం. అందుకే చివరి మాట దగ్గర ఊపిరి తీసుకుని రెండుసార్లు చదవాలి.

మూడు, అంకెలు. 5,000కూ 50,000కూ ఒక్క సున్నా తేడా. అంకెలను ఊహించడం ఎప్పుడూ కుదరదు. కాగితంలో అంకెల్లో రాసింది, అక్షరాల్లో రాసింది రెండూ చదవాలి. రెండూ ఒకటేనా అని చూడాలి.

నాలుగు, కొలతలు. పిల్లలకు విరేచనాలు అయితే ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి తాగిస్తాం. కొన్ని పొట్లాలు ఒక లీటరు నీళ్లలో కలిపేవి. కొన్ని చిన్న పొట్లాలు 200 మిల్లీలీటర్ల నీళ్లలో, అంటే ఒక గ్లాసు నీళ్లలో కలిపేవి. పెద్ద పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లకు హాని జరుగుతుంది. చిన్న పొట్లాన్ని లీటరు నీళ్లలో కలిపితే పలచబడి పనిచేయదు. 'ఈ పొట్లం నాకు తెలుసులే' అనుకుని కలపకూడదు. ప్రతిసారీ చదవాలి.

ఐదు, రెండు మాటల్లో ఏది? తాకట్టా, అమ్మకమా? 'భోజనానికి ముందు'నా, 'భోజనం తర్వాత'నా? మందు సీసా మీద 'పైపూతకు మాత్రమే' అని ఉందా? ఇలాంటి చోట కళ్లు ఆగాలి. లాంతరు ఎత్తి చూడాలి.

ధ్యాసను తినేసేవి

ఒక్కోసారి ఎంత పూనుకున్నా ధ్యాస నిలవదు. దానికి కారణాలు ఉంటాయి.

వెలుతురు చాలకపోతే అక్షరం పోల్చుకోవడానికే ధ్యాస ఖర్చయిపోతుంది. పగటి వెలుగులో చదవండి. దీపం దగ్గరగా పెట్టుకోండి.

నలభై ఏళ్లు దాటాక చాలామందికి దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తాయి. దాన్ని చత్వారం అంటారు. పుస్తకం దూరంగా పట్టుకుంటే కనిపిస్తుంది, దగ్గరగా పెడితే అలుక్కుపోతుంది. ఇది జబ్బు కాదు. వయసుతో అందరికీ వస్తుంది. కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుంది. కళ్లజోడు లేక చదువు మానేసిన అక్కలు ఉన్నారు. "నాకు చదువు రాదు" అనుకునే ముందు కళ్లు పరీక్ష చేయించుకోండి.

పొయ్యి మీద అన్నం ఉంది. చంటిది ఏడుస్తోంది. బయట ఎవరో పిలుస్తున్నారు. లాంతరు నాలుగు వైపులా తిరుగుతుంది. అలాంటప్పుడు కథ చదవొచ్చు. కాగితం మాత్రం చదవొద్దు. ముఖ్యమైన కాగితానికి ఒక పావుగంట విడిగా పెట్టుకోండి.

భయం, సిగ్గు కూడా ధ్యాసను తినేస్తాయి. పదిమంది ముందు నిలబడి చదవాలంటే గుండె దడదడలాడుతుంది. "తప్పు చదివితే నవ్వుతారేమో" అన్న ఆలోచనకే సగం లాంతరు పోతుంది. మిగిలిన సగంతో చదవాలి. తప్పు రాకుండా ఎలా ఉంటుంది? కాబట్టి పక్కవాళ్లు నవ్వకూడదు. తొందరపెట్టకూడదు. ఎదుటివాళ్లు "ఇక్కడ సంతకం పెట్టమ్మా, తొందరగా" అంటే అసలు తొందరపడకూడదు. "చదివి పెడతానండీ" అని చెప్పే హక్కు మనకు ఉంది.

మూడుసార్లు చదవండి

ముఖ్యమైన కాగితం ఏదైనా సరే, మూడుసార్లు చదవండి. ఒక్కోసారి లాంతరు ఒక్కో చోట పెట్టండి.

మొదటిసారి అక్షరాల కోసం. నెమ్మదిగా చదవండి. వేలు పెట్టి చదవండి. వేలు పెట్టడం చిన్నతనం కాదు. కళ్లు వరుస తప్పకుండా వేలు పట్టి ఉంచుతుంది. గుడి, దీర్ఘం, వత్తు, అంకె అన్నీ చూడండి.

రెండోసారి అర్థం కోసం. పైకి చదవండి. ప్రతి చుక్క దగ్గర ఆగండి. "ఇందులో ఏం చెప్పారు?" అని మీ మాటల్లో చెప్పుకోండి. చెప్పలేకపోతే మళ్లీ చదవండి.

మూడోసారి అనుమానంతో. ఇంకొకరికి ఇచ్చి చదివించండి. మీరు ఏం చదివారో ముందు చెప్పొద్దు. చెబితే వాళ్ల మనసు కూడా అదే ఊహిస్తుంది. ఇద్దరూ ఒకటే చదివితే మంచిది. తేడా వస్తే అక్కడే ఆగి చూడండి. ఒకరి కన్ను దాటిపోయిన గుడి ఇంకొకరి కన్నుకు దొరుకుతుంది.

కథల పుస్తకం చదివేటప్పుడు ఇంత అక్కర్లేదు. కథలో గబగబా పోవచ్చు. ఒక మాట దాటినా ఫరవాలేదు. అలా ఎక్కువ చదివితేనే కళ్లకు మాటలు అలవాటవుతాయి. వేగం కథ దగ్గర, జాగ్రత్త కాగితం దగ్గర. ఎక్కడ ఏది కావాలో తెలిసినవాళ్లే బాగా చదువు వచ్చినవాళ్లు.

చదువు బతుకులోకి దిగాలంటే

ధ్యాస అర్థం దాకా చేరితే ఏమవుతుందో మన తెలుగు ఆడవాళ్లే చూపించారు. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం సాగింది. కూలిపని చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలకలు పట్టుకుని కూర్చున్నారు. పాఠాల్లో సారా వల్ల చెడిపోయిన కాపురాల కథ ఉంది. వాళ్లు అక్షరాలు కూడబలుక్కుని అక్కడితో ఆగలేదు. "ఇది మన కథే కదా" అని మాట్లాడుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1992లో ఆ పోరు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది.

ఆ పాఠంలో ఉన్నవి మనకు తెలిసిన అక్షరాలే. అవే గుడులు, అవే కొమ్ములు. ఆ అక్కలు లాంతరును అక్షరం దగ్గర నుంచి ఎత్తి తమ ఇంటి వైపు తిప్పారు. ఇల్లు కనిపించింది. ఇంట్లో ఏం జరుగుతోందో కనిపించింది.

మనం కూడా చదువుదాం. పైకి చదువుదాం. పదిమందికీ వినిపిద్దాం. కళ్లతో పాటు ధ్యాస కూడా పెడదాం.

చేసి చూడండి

1. రంగుల ఆట మీ ఇంట్లో ఆడించండి. చదువు వచ్చినవాళ్లు ఎవరు తడబడ్డారు? చదువు రానివాళ్లు ఎలా చెప్పారు?

2. ఈ మాటలు పైకి చదవండి. ఒక్కో మాటతో ఒక వాక్యం రాయండి.
వండిన, వండని. చదివిన, చదవని. అడిగిన, అడగని. కలం, కాలం. పలక, పాలక.

3. మీ ఇంట్లో ఉన్న మందు సీసా కానీ, పొట్లం కానీ తీసుకోండి. దాని మీద రాసినదాన్ని మూడుసార్లు చదవండి. మూడోసారి మీకు కొత్తగా ఏం కనిపించింది?

మాట్లాడుకోండి

1. కాగితం చదవకుండా సంతకం పెట్టమని మనల్ని ఎవరెవరు తొందరపెడతారు? ఎందుకు?

2. మీ సంఘంలో ముఖ్యమైన కాగితాలను ఒక్కరే చదువుతున్నారా? ఇద్దరు చదివితే ఎలా ఉంటుంది?

3. చదివేటప్పుడు మీ ధ్యాసను తినేసేది ఏమిటి? దాన్ని తగ్గించడానికి ఇంట్లోవాళ్లు ఏం చేయగలరు?